చలికాలం... ఇళ్లు వలసొచ్చే తీరం!

ఎముకలు కొరికే చలిని తప్పించుకోవడానికి ఇంటినే చక్రాల మీద పెట్టుకుని వచ్చే పెద్దవాళ్లు... నాలుగు వేల కిలోమీటర్లు ఎగురుకుంటూ వచ్చే తెల్లకొంగలు... ఇద్దరి మజిలీ ఒకే తీరం. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, రాక్‌పోర్ట్ పరిసరాల్లో శీతకాలపు కాపురం ఎలా ఉంటుందో, చుట్టుపక్కల ఏమేం చూడొచ్చో... పదండి, చూసొద్దాం!

అక్టోబరు నెలాఖరు. అమెరికాకు ఉత్తరాన ఉన్న మిన్నెసోటా, అయోవా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో చెట్లన్నీ ఆకులు రాల్చేసి మంచు కోసం ఎదురుచూస్తుంటాయి. సరిగ్గా అప్పుడే అక్కడి రహదారుల మీద ఇళ్లు కదలడం మొదలవుతుంది. అవును, ఇళ్లే! వంటగదీ పడగ్గదీ స్నానాలగదీ అన్నీ ఉన్న ఇళ్లు. స్టీరింగ్ ముందు డెబ్భై ఏళ్ల తాతయ్య, పక్క సీట్లో దారి చెబుతూ బామ్మ, వాళ్ల కాళ్ల దగ్గర ఓ కుక్కపిల్ల. బండి వెనకాల కట్టుకుని లాక్కెళ్తున్న చిన్న కారు. అందరి ప్రయాణమూ దక్షిణానికే.

తలెత్తి చూస్తే ఆకాశంలోనూ అదే వరస. కెనడా నుంచి తెల్లటి కొంగలు రెండూ మూడూ చొప్పున చిన్న చిన్న గుంపులుగా అటే వెళ్తుంటాయి. నేల మీద వాళ్లూ నింగిలో ఇవీ చేరేది గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఒడ్డుకే. జనవరిలో మిన్నెసోటాలో సున్నాకి ఇరవై డిగ్రీల దిగువన చలి వణికిస్తుంటే, రాక్‌పోర్ట్‌లో పగలు 18 డిగ్రీల దాకా ఉంటుంది. పల్చటి స్వెట్టరు వేసుకుని సముద్రం ఒడ్డున నడవొచ్చు.

ఇలా ఏటా వచ్చి, నవంబరు నుంచి మార్చి దాకా ఉండిపోయేవాళ్లకి టెక్సస్ వాళ్లు ముద్దుగా ఓ పేరు పెట్టుకున్నారు... ‘వింటర్ టెక్సన్లు’ అని! వీళ్లలో ఎక్కువమంది ఉద్యోగ బాధ్యతలు తీరిన పెద్దవాళ్లు. కెనడా నుంచి వచ్చేవాళ్లూ తక్కువేం కాదు. హ్యూస్టన్, డాలస్, ఆస్టిన్‌లలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకైతే ఈ తీరం మరీ దగ్గర. హ్యూస్టన్ నుంచి విక్టోరియా మీదుగా కారులో మూడు గంటల పైచిలుకు. క్రిస్మస్ సెలవుల్లో పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో నాలుగు రోజులు గడపడానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది!

చక్రాల మీద సంసారం

ఈ కదిలే ఇళ్లనే రిక్రియేషనల్ వెహికల్స్ అంటారు. అందరూ పిలిచేది మాత్రం ఆర్‌వీ అనే. బస్సులా తనంతట తాను నడిచేది ఒక రకం. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లేది ఇంకో రకం. బయట నుంచి చూస్తే మామూలు బస్సే. పార్కులో ఆపి మీట నొక్కితే మాత్రం పక్క గోడ సొరుగులా మూడడుగులు బయటికి జరుగుతుంది. అప్పటిదాకా ఇరుగ్గా ఉన్న హాలు కాస్తా నలుగురు కూర్చుని భోంచేసేంత విశాలమవుతుంది.

వీటికోసమే తీరం పొడవునా ఆర్‌వీ పార్కులున్నాయి. బండి ఆపుకోవడానికి స్థలం, కరెంటు ప్లగ్గు, మంచినీళ్ల కొళాయి, మురుగునీటి గొట్టం... ఈ మూడు కనెక్షన్లూ తగిలించుకుంటే గృహప్రవేశం అయిపోయినట్టే! ఒకటి రెండు రోజులకైతే రోజువారీ అద్దె. నెలల తరబడి ఉండేవాళ్లకి నెలవారీ అద్దె చవగ్గా పడుతుంది. అందుకే వింటర్ టెక్సన్లు వెళ్లేటప్పుడే వచ్చే ఏడాదికీ అదే స్థలం రిజర్వు చేసుకుంటారు. అలా పదేళ్లూ పదిహేనేళ్లూ ఒకే పక్కింటివాళ్లతో చలికాలాలు గడిపే జంటలూ ఉంటాయి.

ఇక్కడి దినచర్య మన పల్లెటూళ్ల అరుగుల్ని గుర్తుచేస్తుంది. పొద్దున్నే బండి ముందు మడత కుర్చీ వేసుకుని కాఫీ. దారినపోయే ప్రతివాళ్లకీ ఓ పలకరింపు. మధ్యాహ్నం పేకాట, డొమినోలు. కొన్నిచోట్ల బొంతలు కుట్టే ఆడవాళ్ల బృందాలు. వారానికోసారి ఎవరింట్లో వండింది వాళ్లు తెచ్చి అందరూ కలిసి తినే విందు. అలాంటి విందుకి ఓ గిన్నెడు పులిహోర పట్టుకెళ్లండి... గిన్నె ఖాళీ అవడమే కాదు, ఎలా చేయాలో రాసిమ్మని చుట్టూ మూగుతారు!

ఐదడుగుల అతిథి

రాక్‌పోర్ట్ అనగానే ముందు చూడాల్సింది హూపింగ్ క్రేన్‌ని. మన బెగ్గురు పక్షులకు దాయాది. నిలబడితే ఐదడుగుల ఎత్తు. ఉత్తర అమెరికా పక్షులన్నింటిలోకీ ఇదే పొడవైంది. రెక్కలు చాపితే ఏడడుగులు దాటుతుంది. ఒళ్లంతా మల్లెపువ్వు తెలుపు, నెత్తిమీద ఎర్రటి మచ్చ, రెక్కల కొసల్లో నలుపు. ఎగిరినప్పుడు తప్ప ఆ నలుపు కనపడదు. కిలోమీటర్ల దూరం వినిపించే అరుపు వల్లే దానికా పేరు.

కెనడాలోని వుడ్ బఫెలో జాతీయ పార్కులో గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, అక్కడ నీళ్లు గడ్డకట్టేలోపు ఇవి బయల్దేరతాయి. నాలుగు వేల కిలోమీటర్లు ఎగిరి, రాక్‌పోర్ట్ పక్కనే ఉన్న అరాన్సస్ అభయారణ్యం చిత్తడి నేలల్లో దిగుతాయి. ఇక్కడ వీటికి ఇష్టమైన భోజనం నీలిపీతలు. దాంతోపాటు ఉప్పునేలల్లో కాసే వుల్ఫ్‌బెర్రీ అనే ఎర్రటి పళ్లు. జంటగా వచ్చిన పక్షులు ఏటా అదే మడుగుకు చేరుకుని, ఇంకో జంటని దరిదాపులకి రానివ్వవు. రిజర్వు చేసుకున్న స్థలాన్ని వదులుకోని ఆర్‌వీ వాళ్లలాగే అన్నమాట!

వీటిని చూడ్డానికి రాక్‌పోర్ట్, ఫుల్టన్ రేవుల నుంచి చలికాలమంతా పడవలు నడుస్తాయి. తల్లీ తండ్రీ మధ్యలో గోధుమరంగు పిల్ల... ముగ్గురూ మోకాళ్ల లోతు నీళ్లలో ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ పీతల్ని వెతుక్కుంటుంటే పడవలో అందరూ గుసగుసగానే మాట్లాడుకుంటారు. రోడ్డు మార్గాన అభయారణ్యానికి వెళ్తే అక్కడో ఎత్తైన మంచె ఉంది. పక్షులు అక్కణ్నుంచి చాలాసార్లు తెల్లటి చుక్కల్లా దూరంగానే కనిపిస్తాయి కాబట్టి బైనాక్యులర్స్ తప్పనిసరి. మొసలిజాతికి చెందిన ఆలిగేటర్లు, జింకలు, అడవిపందులు మాత్రం దారిలోనే ఎదురుకావచ్చు.

పదిహేను... కేవలం పదిహేను!

ఈ పక్షిని చూడ్డానికి జనం ఇంత దూరం ఎందుకొస్తారో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. వేట, గుడ్ల కోసం దొంగతనాలు, చిత్తడి నేలల్ని పూడ్చి పొలాలు చేయడం... అన్నీ కలిసి ఈ జాతిని తుడిచిపెట్టేశాయి. 1937లో అరాన్సస్ అభయారణ్యం ఏర్పాటు చేసినా పరిస్థితి మారలేదు. 1941 చలికాలంలో లెక్కపెడితే ఇక్కడికి వలస వచ్చిన పక్షులు 15! లూసియానాలో మిగిలిన మరికొన్ని కూడా ఆ తర్వాత కనుమరుగైపోయాయి. అంటే ఇప్పుడున్న హూపింగ్ క్రేన్లన్నీ ఆ గుప్పెడు పక్షుల మునిమనవలే.

అప్పట్లో ఇంకో చిక్కు. చలికాలం అరాన్సస్‌లో ఉంటాయని తెలుసు, మరి ఎండాకాలం ఎక్కడికెళ్లి గుడ్లు పెడుతున్నాయో ఎవరికీ తెలీదు! ఏళ్ల తరబడి వెతికినా దొరకలేదు. చివరికి 1954లో వుడ్ బఫెలోలో అడవి అంటుకుంటే, మంటల పని మీద హెలికాప్టర్‌లో వెళ్లినవాళ్ల కంటపడ్డాయి. రహస్యం అలా అనుకోకుండా బయటపడింది.

ఆ తర్వాత శాస్త్రవేత్తలు ఓ కిటుకు కనిపెట్టారు. ఈ పక్షి రెండు గుడ్లు పెడుతుంది కానీ సాధారణంగా ఒక పిల్లే బతుకుతుంది. అందుకని 1967 నుంచి కొన్ని గూళ్లలో రెండో గుడ్డు తీసుకొచ్చి పెంపకం మొదలుపెట్టారు. మనిషికి మచ్చికైతే అడవిలో బతకలేవని, పిల్లలకి తిండి పెట్టేవాళ్లు తెల్లటి ముసుగు కప్పుకుని, చేతికి కొంగ తల బొమ్మ తొడుక్కుని కొంగ వేషంలో వెళ్లేవారు! 2001 నుంచి కొన్నేళ్లపాటు చిన్న విమానాన్ని ముందు నడుపుతూ, వెనకాల ఈ పిల్లల్ని ఎగిరిస్తూ విస్కాన్సిన్ నుంచి ఫ్లోరిడాకి దారి నేర్పారు కూడా. ఇంత శ్రమ ఊరికే పోలేదు. ఇప్పుడు ఒక్క అరాన్సస్‌కి వలస వచ్చే పక్షుల సంఖ్యే 500 దాటింది.

అయినా గండం గడిచిందని గుండెల మీద చేయి వేసుకునే రోజు ఇంకా రాలేదు. పీతలు బతకాలంటే సముద్రపు ఉప్పునీటిలో గ్వాడలూప్, శాన్ ఆంటోనియో నదుల మంచినీరు కలవాలి. పైనున్న నగరాలూ పొలాలూ ఆ నీటిని వాడేసుకుంటే కింద పీతలుండవు. 2008-09 చలికాలంలో కరవొచ్చి ఇదే జరిగింది. ఆ ఒక్క సీజన్లో 23 కొంగలు చనిపోయాయన్నది అంచనా. నదినీటి వాటా కోసం పక్షుల తరఫున వాదించినవాళ్లు కోర్టుకెక్కారు. 2013లో కింది కోర్టులో గెలిచారు. 2014లో పైకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. నీళ్ల పంచాయితీలు మనకి కొత్త కాదు కాబట్టి ఆ బాధేంటో వేరే చెప్పక్కర్లేదు.

హరికేన్‌కి లొంగని తాత

రాక్‌పోర్ట్ నుంచి వంతెన దాటితే లామార్. అక్కడి గూస్ ఐలాండ్ స్టేట్ పార్కులో ‘బిగ్ ట్రీ’ అని ఓ ఓక్ చెట్టుంది. వయసు వెయ్యేళ్లకు పైనే ఉంటుందని అంచనా. మొదలు చుట్టుకొలత 35 అడుగులు. చేతులు బార్లా చాపి ఆరేడుగురు పట్టుకుంటే గానీ అందదు. కొమ్మల భారానికి కొన్ని నేలకి ఆనేదాకా వంగి, మళ్లీ పైకి లేచాయి. మన పిల్లలమర్రినీ తిమ్మమ్మ మర్రిమానునీ చూసినవాళ్లకి విస్తీర్ణంలో ఇది చిన్నగానే అనిపించొచ్చు. కానీ ఊడలు దింపుకునే వీలున్న మర్రి వేరు... ఒంటికాలి మీద నిలబడి సముద్రపు గాలికి వెయ్యేళ్లు ఎదురొడ్డిన ఈ చెట్టు వేరు.

2017 ఆగస్టు 25 రాత్రి హార్వీ హరికేన్ సరిగ్గా ఈ తీరాన్నే తాకింది. గంటకి 210 కిలోమీటర్ల వేగంతో గాలులు. రాక్‌పోర్ట్, ఫుల్టన్, పోర్ట్ అరాన్సస్ ఊళ్లలో ఇళ్ల పైకప్పులు లేచిపోయాయి. రేవులో పడవలు ఒకదానిమీదొకటి పడ్డాయి. ఎన్నో ఆర్‌వీ పార్కులు శిథిలాల గుట్టలయ్యాయి. బిగ్ ట్రీ చుట్టుపక్కల కుర్రచెట్లు కూలిపోయాయి. ఈ తాత మాత్రం కొన్ని కొమ్మలూ ఆకులూ పోగొట్టుకుని అలాగే నిలబడ్డాడు! ఆ ఏడాది ఆగస్టు కాబట్టి కొంగలు ఇంకా కెనడాలోనే ఉన్నాయి. నవంబరుకల్లా ఎప్పట్లాగే వచ్చి వాలాయి.

ఇదే పార్కు పరిసరాల్లో రోడ్డు పక్క పచ్చిక బయళ్లలోకి కూడా చలికాలం హూపింగ్ క్రేన్లు వస్తుంటాయి. పడవ టిక్కెట్టు కొనకుండానే దర్శనమవ్వొచ్చు. ఇంకో మాట. టెక్సస్‌లో చేపలు పట్టాలంటే లైసెన్సుండాలి. స్టేట్ పార్కు ఒడ్డు నుంచి గాలం వేస్తే ఆ అవసరం లేదు. అందుకే గాలం సరదా ఉన్న తాతయ్యలందరూ ఇక్కడ చేరిపోతారు.

1877లోనే వేడినీళ్ల కొళాయి!

ఫుల్టన్ ఊళ్లో సముద్రానికి ఎదురుగా మూడంతస్తుల భవనం ఒకటి కనిపిస్తుంది. పశువుల వ్యాపారంలో బాగా సంపాదించిన జార్జ్ ఫుల్టన్, ఆయన భార్య హ్యారియట్ కట్టించుకున్నారు. 1874లో మొదలుపెడితే 1877కి పూర్తయింది. కొళాయి తిప్పితే వేడినీళ్లు, చన్నీళ్లు, గొలుసు లాగితే నీళ్లొచ్చే మరుగుదొడ్డి, గ్యాసు దీపాలు, ఇల్లంతా వెచ్చగాలి పంపే కొలిమి... ఆ రోజుల్లో ఈ మారుమూల తీరంలో ఇవన్నీ వింతలే. గోడల్ని చెక్కపలకలు ఒకదానిమీద ఒకటి పరిచి దిట్టంగా కట్టడంతో ఎన్ని తుపాన్లొచ్చినా భవనం తట్టుకుంది. హార్వీ దీన్నీ దెబ్బతీసింది. మరమ్మతుల తర్వాత మళ్లీ తలుపులు తెరిచారు.

బయటికొచ్చాక రోడ్డు పక్కనున్న ఓక్ చెట్లని ఓసారి గమనించండి. అన్నీ ఒకేవైపు ఒరిగి, దువ్విన జుట్టులా ఉంటాయి. సముద్రం మీంచి వీచే గాలి తీర్చిదిద్దిన వంపులవి.

పైసా ఖర్చు లేని పడవ

రాక్‌పోర్ట్‌కి దక్షిణంగా అరగంట వెళ్తే నీళ్లు అడ్డొస్తాయి. అవతలి ఒడ్డే పోర్ట్ అరాన్సస్. అక్కడ వంతెన లేదు. రాష్ట్ర రవాణా శాఖ నడిపే ఫెర్రీలున్నాయి. రోజుకి ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతాయి. టిక్కెట్టు? అసలే లేదు! కార్లతోపాటు ఆర్‌వీలనూ ఎక్కించుకుంటాయి. పది నిమిషాల్లో అవతల దింపేస్తాయి. ఆ పది నిమిషాల్లోనే పక్కనే డాల్ఫిన్లు ఎగిరి దూకుతూ కనిపిస్తాయి. పిల్లలు ‘మళ్లీ ఎక్కుదాం’ అని మారాం చేస్తే కాదనకండి... ఎటూ ఉచితమే కదా!

పోర్ట్ అరాన్సస్‌కి ఒకప్పుడు టార్పన్ అని పేరు. మనిషంత పొడవు పెరిగే చేప పేరది. 1886 నాటి టార్పన్ ఇన్ అనే హోటల్ ఇప్పటికీ ఉంది. దాని గోడలకి అరచేయంత పొలుసులు వేల కొద్దీ అంటించి ఉంటాయి. చేప పట్టినవాళ్లు పొలుసు మీద సంతకం చేసి అతికించడం ఇక్కడి ఆచారం. 1937లో చేపలవేటకి వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేసిన పొలుసూ వాటిలో ఉంది.

ఊరి చివర లియోనాబెల్ టర్న్‌బుల్ పక్షుల కేంద్రంలో చిత్తడినేల మీదుగా చెక్కవంతెన వేశారు. గులాబీరంగు తెడ్డుమూతి కొంగలు, పెలికాన్లు, బాతులు కాళ్ల కిందే తిరుగుతుంటాయి. వాటి మధ్య కదలకుండా పడుకున్నది దుంగనుకునేరు... ఆలిగేటర్ కావచ్చు! ఏటా ఫిబ్రవరిలో ఇదే ఊళ్లో హూపింగ్ క్రేన్ పండుగ చేస్తారు.

తేలే విమానాశ్రయం... అంతులేని ఇసుక

ఇంకాస్త ముందుకెళ్తే కార్పస్ క్రిస్టీ నగరం. తీరంలో లంగరేసి కనిపించే యూఎస్ఎస్ లెక్సింగ్టన్ 1943లో సేవలోకి వచ్చిన విమానవాహక నౌక. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్ని ముంచేశామని జపాన్ పదేపదే ప్రకటించింది. ప్రతిసారీ అది మళ్లీ ప్రత్యక్షమయ్యేది. దాంతో ‘నీలి దయ్యం’ అన్న పేరు స్థిరపడిపోయింది! 1991లో విధుల నుంచి విరమించి, మరుసటేడాది మ్యూజియంగా మారింది. ‘పెర్ల్ హార్బర్’ సినిమాలో కొన్ని దృశ్యాలు దీనిమీదే తీశారు. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామిలోకి వంగి వంగి వెళ్లొచ్చిన పిల్లలు, ఈ నౌక డెక్కు మీద పరుగులు తీస్తే ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. పక్కనే టెక్సస్ స్టేట్ ఆక్వేరియం. రెండూ కలిపి ఒక రోజు సరిపోతుంది.

మనుషులూ మేడలూ లేని సముద్రం కావాలా? అయితే పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్‌కి పదండి. తీరానికి అడ్డుగోడలా ఏర్పడిన ఇసుక దీవి ఇది. హోటళ్లూ దుకాణాలూ ఏమీ లేకుండా వంద కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఇలాంటి దీవుల్లో ఏ కట్టడాలూ లేకుండా మిగిలినవాటిలో ప్రపంచంలోకెల్లా పొడవైంది ఇదే. 1962లో దీన్ని జాతీయ ఆస్తిగా ప్రకటించారు. ఇక్కడ ఇసుక మీదే ఆర్‌వీ ఆపుకుని రాత్రి ఉండొచ్చు. కరెంటూ నీళ్లూ ఉండవు. మెత్తటి ఇసుకలో పెద్దబండి చక్రం దిగబడిందంటే బయటికి లాగడం గగనమే కాబట్టి గట్టి ఇసుక దాటి ముందుకెళ్లొద్దు.

తాబేళ్లకి చలేస్తే...

ఈ తీరంలో చలికాలం ఎప్పుడూ వెచ్చగానే ఉంటుందనుకుంటే పొరపాటే. ఒక్కోసారి ఉత్తరాన్నుంచి చలిగాలులు దూసుకొస్తాయి. గంటల్లో ఉష్ణోగ్రత పడిపోతుంది. అప్పుడు పాపం కష్టం తాబేళ్లది. వాటి ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. లోతు తక్కువైన కయ్యల్లో నీరు పది డిగ్రీల దిగువకి చల్లబడితే కాళ్లు కదపలేక నీటిమీద తేలిపోతాయి. బతికే ఉంటాయి కానీ తల పైకెత్తి ఊపిరి తీసుకునే ఓపిక ఉండదు.

2021 ఫిబ్రవరిలో టెక్సస్ మొత్తాన్నీ గడ్డకట్టించిన మంచు తుపాను గుర్తుందా? అప్పుడు తీరం పొడవునా 12 వేలకు పైగా తాబేళ్లు ఇలా దొరికాయి. ఇళ్లలో కరెంటు లేదు, కొళాయిల్లో నీళ్లు లేవు. అయినా జనం పడవల్లో వెళ్లి, చేతులతో ఎత్తుకుని, కార్ల డిక్కీల్లో వేసుకుని తెచ్చారు. దక్షిణాన సౌత్ పాడ్రే ఐలాండ్‌లో సమావేశ మందిరం నేలంతా తాబేళ్లతో నిండిపోయింది. చాలా తాబేళ్లు చనిపోయినా, బతికినవాటిని ఎండ రాగానే తిరిగి సముద్రంలో వదిలారు. రక్షించడానికి పరిగెత్తినవాళ్లలో స్థానికులతోపాటు చలికాలం గడపడానికి వచ్చిన పెద్దవాళ్లూ ఉన్నారు.

రెండు రోజుల టూరిస్టుకీ నాలుగు నెలల అతిథికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. రెండు రోజులకి వచ్చినవాళ్లు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నాలుగు నెలలున్నవాళ్లకి ఏ మడుగులో ఏ కొంగల జంట ఉందో తెలుస్తుంది. ఈ ఏడాది పిల్లతో వచ్చిందా, ఒంటరిగా వచ్చిందా అన్నదీ కనిపెడతారు. స్టేట్ పార్కుల్లో ఆర్‌వీ స్థలాన్ని ఉచితంగా తీసుకుని, బదులుగా వారానికి కొన్ని గంటలు దారులు శుభ్రం చేయడం, సందర్శకులకి వివరాలు చెప్పడం లాంటి పనులు చేసే ‘పార్క్ హోస్ట్’లలోనూ ఇలాంటి పెద్దవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. రిటైరయ్యాక మనమెవరికి పనికొస్తామన్న దిగులుకి ఇంతకన్నా మంచి మందుంటుందా?

వెళ్లాలనుకుంటే...

కొంగల్ని చూడాలంటే నవంబరు మధ్య నుంచి మార్చి మధ్యలోపు వెళ్లాలి. ఏప్రిల్‌కల్లా అవి కెనడా దారి పడతాయి.

ఆర్‌వీ పార్కుల్లో చలికాలపు స్థలాలు నెలల ముందే నిండిపోతాయి. స్టేట్ పార్కుల్లో ఒక విడత గరిష్ఠంగా 14 రోజులే ఉండనిస్తారు.

అద్దె ఆర్‌వీలు చాలావరకు మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు. బరువు 26 వేల పౌండ్లు (సుమారు 11,800 కిలోలు) దాటే పెద్ద బండికి టెక్సస్‌లో వేరే తరగతి లైసెన్సు కావాలి.

బండిలో 30 ఆంపియర్ల కనెక్షనే ఉంటే హీటరూ మైక్రోవేవూ రైస్ కుక్కరూ ఒకేసారి వేయకండి. టప్పుమని కరెంటు పోతుంది! అన్నం అయ్యాకే హీటరు.

మరుగుదొడ్డి నీటి ట్యాంకూ స్నానాల నీటి ట్యాంకూ వేరువేరుగా ఉంటాయి. ఖాళీ చేసేటప్పుడు ముందు మరుగుదొడ్డిది, తర్వాత స్నానాలది వదిలితే గొట్టం శుభ్రపడుతుంది. చేతికి గ్లవుజులు మర్చిపోవద్దు.

రేవుల్లో పడవల మీంచి దిగిన తాజా రొయ్యలు దొరుకుతాయి. కాస్త కారం, అల్లంవెల్లుల్లి ముద్ద వెంట పెట్టుకెళ్తే చాలు... వేపుడు వాసనకి పక్క బండివాళ్లతో స్నేహం దానంతటదే కుదురుతుంది.

మన తీరానికీ అతిథులొస్తారు

ఇదంతా చదివి ‘అమెరికా కాబట్టి కుదిరింది’ అనుకోనక్కర్లేదు. ఏటా చలికాలంలో పులికాట్ సరస్సుకి వేలాది ఫ్లెమింగోలు వస్తాయి. నేలపట్టు చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని పెడతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పెలికాన్లూ ఎర్రకాళ్ల కొంగలూ ఊరి మధ్య చెట్ల మీదే కాపురం ఉంటాయి. వాటి రాక ఊరికి శుభమని అక్కడివాళ్ల నమ్మకం. పెరట్లో చెట్టు నిండా పక్షులు ఎంత గోల చేసినా కొమ్మ నరకరు. అరాన్సస్‌లో చట్టాలూ కోర్టులూ కోట్ల డాలర్లూ కలిసి చేస్తున్న పనిని ఆ ఊరివాళ్లు ఓ నమ్మకంతో తరాలుగా చేస్తున్నారు.

మనం చేయాల్సిందల్లా ఈసారి సూళ్లూరుపేట వెళ్లినప్పుడు ఫొటో తీసి వెనక్కి తిరగకుండా రెండు రోజులు ఉండటం. పిల్లల చేతికి ఓ బైనాక్యులర్ ఇచ్చి, నాయనమ్మనో తాతయ్యనో తోడుగా కూర్చోబెట్టి, ఎన్ని పక్షులున్నాయో లెక్క రాయమనండి. వచ్చే ఏడాదీ అదే చోటికి తీసుకెళ్లండి. లెక్క పెరిగిందో తగ్గిందో ఇక వాళ్లే మనకి చెబుతారు.